రాగి తీగ

మా యింటి వసారాలో ఒక పాత జావా మోటారు సైకిలు కలదు. ముదురెరుపు రంగు వేసిన ఆ బండికి ఒకే సిలిండరు, రెండు పొగగొట్టములు. గేరు మార్చు మీటనే లోనికి నొక్కి పైకి త్రిప్పినచో, కాలితో తన్ని బండిని నడిపించు మీటయగును. దానిని క్రొత్తగా చూచినవారు, "ఇది యింకను నడుచుచున్నదా?" అని అడుగుదురు. నడుచుచున్నది. కాని 2023 ఆగస్టు మొదలు 2024 సంక్రాంతి వరకు అది నడువలేదు. అందులకు కారణము దాని వయస్సు కాదు, నేను.

మాది ముదినేపల్లి. గుడివాడ నుండి కైకలూరు పోవు దారిలో నున్నది. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో నుండి, తరువాత ఏలూరు జిల్లాలో చేరినది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న కొల్లేటి సరస్సు మాకు దగ్గర. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు నీరు కొల్లేట చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రమున కలియును. నా చిన్ననాట మా చుట్టుప్రక్కల చూపు మేర వరిచేలే కనబడుచుండెడివి. ఇప్పుడు వానిలో చాల భాగము చేపల చెఱువులైనవి.

నాన్నగారు పశువైద్యశాలలో సహాయకులుగా పనిచేసిరి. ఆ దినములలో కొల్లేటి లంకగ్రామములకు పోవుటకు కాలువగట్లే దారులు. ఎవరి గేదె ఈనలేక బాధపడుచున్నను, ఎవరి యెద్దు మేత మానినను, అర్ధరాత్రమున వచ్చి మా తలుపు తట్టువారు. నాన్నగారు మందుల సంచి భుజమునకు తగిలించుకొని బయలుదేరువారు. 1976లో ఒకరి యొద్ద కొనిన ఈ జావాయే వారికి వాహనము. బండి నెమ్మదిగా పోవునప్పుడు ముందు దీపము మసకగాను, వేగము హెచ్చినప్పుడు ప్రకాశవంతముగాను వెలుగుచుండెడిది. నేను డాబా మీద పడుకొని, గట్టు వెంబడి దూరమగుచున్న ఆ వెలుగును చూచుచు నిద్రపోవుచుండెడివాడను.

ఇప్పుడు నాన్నగారికి డెబ్బది యేండ్లు దాటినవి. నీటికాసుల వ్యాధి వలన వారి చూపు క్రమముగా పోయినది. వెలుగు చీకటుల భేదము మాత్రమే తెలియును. అయినను ప్రతి ఆదివారమును నా చేత బండిని నడిపింపజేసి, తాము అరుగు మీద కూర్చుండి ఆ చప్పుడు వినుచుండిరి. "ప్లగ్గు శుభ్రము చేయవలెను", "గొలుసు వదులైనది" అని ధ్వనిని బట్టియే చెప్పుచుండిరి. తాళపుచెవి నా చేతికిచ్చిన దినమున వారు, "అబ్బాయీ! ఇక ఇది నీది. తెలియనిది ఉన్నచో నన్నడుగుము" అని ఒక్క మాట మాత్రము చెప్పిరి. నేను ఆ మాటను మరచితిని.

ఆ ఆగస్టులో బ్యాటరీ చచ్చినది. ఈ బండికి కావలసినది 6 వోల్టుల బ్యాటరీ. ఇప్పటి మోటారు సైకిళ్లన్నియు 12 వోల్టులవి. గుడివాడలో రెండు మూడు దుకాణములలో అడిగితిని. 6 వోల్టులది లేదనిరి. అప్పుడు నాన్నగారిని అడిగియుండవలసినది. అడుగక, 12 వోల్టుల బ్యాటరీని కొని తెచ్చి తగిలించితిని. శక్తి ఎక్కువైనచో నష్టమేమి, బండి మరింత చక్కగా నడుచును గదా యని నా యూహ. నేను తెలుగు ఉపాధ్యాయుడను; విద్యుత్తును గూర్చి నాకు తెలిసినది మీట నొక్కినచో దీపము వెలుగుననియే.

దీపము వేసితిని. అది తెల్లగా ఒక్కసారి మెఱసి మాడిపోయెను. ఇంజనును నడిపించితిని. కొలదిసేపటిలో ఫ్యూజు కరగి పోయెను. మరియొక ఫ్యూజు నా యొద్ద లేదు. ఇంటి మరమ్మతునకు తెచ్చిన రాగి తీగ ముక్క కనబడెను. లావుగా నున్నది. దానిని ఫ్యూజు స్థానమున చుట్టితిని. బండి మరల నడిచెను. అయిదారు నిమిషములు గడచినవో లేదో, కాలిన వార్నీషు వాసన గుప్పుమనెను. తాళము తీసివేసినను వాసన ఆగలేదు. తొందర తొందరగా బ్యాటరీ తీగలు ఊడబెరికితిని. కుడివైపు మూత విప్పి చూడగా డైనమోలోని తీగచుట్టలు నల్లగా మాడియుండెను.

లోపలి నుండి నాన్నగారు, "ఏమైనదిరా?" అని అడిగిరి.

"ఏమియు లేదు నాన్నగారూ. పాతబడినది గదా, డైనమో అరిగిపోయినది. భాగములు తెచ్చి వేయించెదను" అని పలికితిని.

వారు మరేమియు అడుగలేదు. ఆ సాయంకాలమే నేను 12 వోల్టుల బ్యాటరీని ఎవరికిని కనబడకుండ కొట్టుగదిలో గోనెపట్టా క్రింద దాచితిని. తరగతిలో పిల్లలకు సత్యమును గూర్చి పద్యములు చెప్పు నోటితోనే ఆ మాట చెప్పితిని. చూపు లేని తండ్రికి అసత్యము చెప్పుట ఎంత సులభమో ఆనాడు నాకు తెలిసినది. అదియే నన్ను మిక్కిలి బాధించినది.

మరుసటి ఆదివారము నుండి వెదకుట ప్రారంభించితిని. నాకు కావలసినవి రెండు భాగములు: డైనమోలో తిరుగునట్టి ఆర్మేచరు ఒకటి, దీపపు బల్బులు మరియొకటి. అంతియే యని నేననుకొంటిని. గుడివాడలో లేవు. ఏలూరులో ఒక ముసలి మెకానిక్కు నన్ను కూర్చుండబెట్టి టీ త్రాగించి జావా చరిత్ర యంతయు చెప్పెను గాని, ఆర్మేచరు మాత్రము లేదనెను.

ఆ చరిత్ర వినదగినది. 1929లో చెకోస్లొవేకియా దేశమున యానెచెక్ అను పారిశ్రామికుడు, జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ మోటారు సైకిలును తయారుచేయు హక్కును కొనెను. ఆ రెండు పేర్ల మొదటి అక్షరములు కలిసి 'జావా' అయినది. మన దేశమున మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961లో ఈ బండ్లను తయారుచేయ నారంభించెను. 1973 నుండి వాని పేరు యెజ్డీగా మారెను. 1996లో ఆ కర్మాగారము మూతపడెను. 2018లో జావా పేరుతో క్రొత్త బండ్లు మరల వచ్చినవి. కాని వాని ఇంజను వేరు, విద్యుత్పద్ధతి వేరు. వాని భాగములలో ఏదియు మా బండికి పనికిరాదు. పేరు తిరిగి వచ్చినను ఆర్మేచరు తిరిగి రాలేదు.

విజయవాడ ఆటోనగరునకు రెండు మారులు పోయితిని. లారీల యిరుసుల నుండి మరచీలల వరకు దొరకని వస్తువు లేదనిపించు ఆ వీథులలో, జావా పేరు చెప్పగానే కొందరు నవ్విరి, కొందరు ప్రేమతో తమ యౌవనమును జ్ఞాపకము చేసికొనిరి. ఒక దుకాణమున మూడు బల్బులును, మరియొకచోట ముందుగా చెప్పి తెప్పించిన 6 వోల్టుల బ్యాటరీయు లభించినవి. డైనమోను పూర్తిగా తీసివేసి నవీనమైన ఎలక్ట్రానిక్ పరికరమును బిగించుకొనవచ్చునని ఒకరు సలహా చెప్పిరి. అది నాన్నగారి బండి. దాని గుండెను మార్చుటకు నాకు మనసొప్పలేదు. దసరా సెలవులలో చెన్నైలోని పుదుప్పేటకు పోయితిని. పాత వాహనములను విప్పి భాగములు అమ్ము ఆ వీథులలో రెండు దినములు తిరిగితిని. దొరికిన ఆర్మేచరు ఒక్కటే. దాని ఇరుసు రంధ్రము అరిగి వదులై యుండెను. వట్టి చేతులతో తిరిగి వచ్చితిని.

ఎచటికి పోయినను వర్తకులు, "మీ డైనమో ఏల పాడైనది?" అని అడుగుచుండిరి. నేను, "పాతబడి" అని చెప్పుచుంటిని. ఆ మాట చెప్పి చెప్పి నాకే నిజమువలె తోచసాగెను.

చివరకు ఒక పట్టణమున తీగ చుట్టు పనివాని చేతికి కాలిన ఆర్మేచరునే యిచ్చితిని. అతనికిని, పాతబడి చెడినదనియే చెప్పితిని. అతడు శ్రద్ధగా క్రొత్త తీగ చుట్టి యిచ్చెను. ఇంటికి తెచ్చి బిగించి, క్రొత్త బల్బులు, 6 వోల్టుల బ్యాటరీ అమర్చితిని. తాళము త్రిప్పగా ఎఱ్ఱని చిన్న దీపము వెలుగవలెను, వెలుగలేదు. బల్బు మార్చితిని, అప్పటికిని వెలుగలేదు. చిన్న దీపమే గదా యని ఊరకుంటిని. బండి నడిచెను. నాన్నగారు అరుగు మీద నిటారుగా కూర్చుండిరి. ఇంజనును ఆపి, తాళము తీసి, సంతోషముతో భోజనమునకు కూర్చుంటిని. భోజనము ముగియకమునుపే వసారా నుండి అదే వాసన. పరుగెత్తి బ్యాటరీని విడదీసితిని. క్రొత్త తీగ యంతయు మరల మాడిపోయెను.

నాన్నగారు లోనికి లేచిపోయిరి. మరునాటి నుండి అరుగు మీదికి రాలేదు. కొన్ని దినముల తరువాత పాత యినుము కొను వర్తకుడు వీథిలో కేకవేయుచు పోవుచుండగా, "అతనిని పిలువుము. నడువని బండిని చూచుకొని కూర్చుండుట యెందులకు? సంక్రాంతి వెళ్లిన తరువాత ఇచ్చివేయుదము" అని అమ్మతో చెప్పిరట. వర్తకుడు వచ్చి, బండిని ఇటు నటు వంచి చూచి, కిలోల లెక్కన ఒక ధర చెప్పి పోయెను. నాన్నగారు పశువులను కాపాడుటకు తిరిగిన బండి ముక్కలై కాటాలోనికి పోవునన్న మాట నేను సహింపలేకపోయితిని.

మా ఊరి రహదారి ప్రక్కన మోటార్లకు తీగ చుట్టు దుకాణమొకటి కలదు. నేను ప్రతిదినము దాని ముందు నుండియే బడికి పోవుచుంటిని. చేపల చెఱువులలో నీటిని చిలికి గాలి కలుపు ఏరేటర్ల మోటార్లు, నీరు తోడు మోటార్లు అచ్చట కుప్పలుగా పడియుండును. పెద్ద పట్టణములలో దొరకనిది మా ఊరిలో దొరకునని నాకెన్నడును తోచలేదు. దిక్కు తోచక డిసెంబరు మాసమున కాలిన ఆర్మేచరును సంచిలో వేసికొని అచటికి పోయితిని.

మేస్త్రి దానిని చేతిలోనికి తీసికొని నలువైపుల త్రిప్పి చూచెను. వాసన చూచెను. "మాస్టారూ! ఇది ఎట్లు కాలినది?" అని అడిగెను.

"పాతబడి…" అంటిని.

అతడు తల యూపెను. "పాతబడినచో పొర ఒక్కొక్కచోట రాలును, తీగ ఒకచోట తెగును. ఇది అన్ని గాళ్లలోను ఒకేసారి మాడినది. ఈ తీగ క్రొత్తది కూడ. ఎవరో చాల విద్యుత్తును దీనిలోనికి పంపిరి. ఏమి జరిగినదో చెప్పనిచో నేను చుట్టను. చుట్టినను మరల కాలును. మీ డబ్బు వృథా, నా పని వృథా."

దుకాణమున ఇద్దరు పనిపిల్లలు మమ్ములను చూచుచుండిరి. నాకు చెమట పట్టెను. 12 వోల్టుల బ్యాటరీ సంగతి చెప్పితిని. మాడిన దీపము సంగతి చెప్పితిని. ఫ్యూజునకు బదులు రాగి తీగ చుట్టిన సంగతి అన్నిటికంటె చివర చెప్పితిని.

అతడు నవ్వలేదు, నిందింపలేదు. "రెండవసారి తాళము త్రిప్పినప్పుడు ఎఱ్ఱదీపము వెలిగెనా?" అని మాత్రము అడిగెను.

"లేదు."

"అయినచో చెడినది ఆర్మేచరు ఒక్కటే కాదు. రెగ్యులేటరు పెట్టెను విప్పి తెండు. ఆ రాగి తీగను గూడ తెండు."

ఆ పెట్టెను తెచ్చి యిచ్చితిని. అతడు మూత విప్పి, బల్లమీద పరచి, పాఠము చెప్పినట్లు నాకు వివరించెను. తీగచుట్ట దగ్గర అయస్కాంతమును కదల్చినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొనెను గదా. డైనమో చేయునది ఆ పనియే. ఇంజను తిరుగుచున్నప్పుడు డైనమో విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి పంపును. ఇంజను ఆగినప్పుడు డైనమోలో విద్యుత్తు ఉండదు. అప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు ప్రవహించి డైనమోలోనికి పోకుండ అడ్డగించు తలుపు ఒకటి కావలెను. ఆ తలుపే కటౌటు. చిన్న విద్యుదయస్కాంతము దాని నాలుకను లాగి మూయును, విడిచి తెరచును. ఎఱ్ఱదీపము ఆ తలుపునకు రెండువైపుల నడుమ నున్నది. తలుపు తెరచియున్నచో వెలుగును, మూసికొన్నచో ఆరును.

"మీరు 12 వోల్టులు పెట్టగానే బ్యాటరీ యొత్తిడి డైనమో యొత్తిడి కంటె చాల ఎక్కువైనది. విద్యుత్తు వెనుకకు పరుగెత్తినది. ఫ్యూజు కరగి మిమ్ములను హెచ్చరించినది. మీరు లావుపాటి తీగ చుట్టితిరి. అప్పుడు కటౌటు మొనలు రెండును వేడికి కరగి అతుకుకొనిపోయినవి. చూడుడు" అని చూపెను. గురివింద గింజలో సగము కూడ లేని రెండు లోహపు మొనలు ఒకదానికొకటి అంటుకొని యుండెను. "తలుపు మూసికొని బిగిసిపోయినది. కనుకనే ఎఱ్ఱదీపము వెలుగలేదు. తాళము తీసినను ఈ దారి మూయబడదు. మీరు అన్నము తినుచుండగా 6 వోల్టుల బ్యాటరీయే క్రొత్త తీగను కాల్చినది. మునుపటి పనివానికి ఈ మాట చెప్పియున్నచో, అతడు ముందుగా ఈ పెట్టెనే అడిగియుండును."

నేను మాటాడలేకపోయితిని. ఏ భాగము కొఱకు మూడు పట్టణములును ఒక మహానగరమును తిరిగితినో, ఆ భాగము అసలు లోపము కాదు. అసలు లోపము మా వసారాలోనే యుండెను. ఎవరును దానిని కనుగొనకుండ నేనే నా మాటతో మూసి యుంచితిని.

మేస్త్రి పని మొదలుపెట్టెను. సాయంకాలము బడి విడిచిన తరువాత నేను పోయి ప్రక్కన కూర్చుండుచుంటిని. మాడిన తీగను తెంపివేయక, ఒక్కొక్క చుట్టునే విప్పుచు లెక్కించెను. మూడు గాళ్లలో లెక్క సరిపోయిన తరువాతనే కాగితముమీద వ్రాసికొనెను. తీగ మందమును కొలిచి అదే మందము గల ఎనామెలు రాగి తీగను తెచ్చెను. గాళ్లలో క్రొత్త కాగితపు పొరలు వేసి, చుట్టి, కొనలను కమ్యుటేటరు రాగి పలకలకు అతికి, వార్నీషు పోసి వేడిపెట్టెలో ఆరబెట్టెను. కమ్యుటేటరును నునుపు చేసి, పలకల నడుమ అభ్రకమును సన్నని ఱంపపు ముక్కతో గీకి లోతు చేసెను. దాని మీద రాచుకొను కార్బన్లు అరిగియుండెను. అవి యెక్కడను దొరకవు. "మిక్సీ కార్బన్లు అరగదీసి వేయరాదా?" అని అడిగితిని. "అవి ఎక్కువ వోల్టులకు చేసినవి. ఈ కొద్దిపాటి యొత్తిడికి రాగి కలిసిన కార్బను కావలెను" అని, ట్రాక్టరు స్టార్టరు మోటారు కార్బనును గరుకు కాగితముపై రుద్ది కొలతకు తెచ్చెను. కటౌటు మొనలను విడదీసి, సన్నని ఆకురాయితో సరిచేసి, స్ప్రింగు బిగువును మీటరు చూచుచు సవరించెను.

ఇక బ్యాటరీ మిగిలెను. విజయవాడ నుండి తెచ్చినది ఆ రాత్రియే నశించెను. మేస్త్రి ఒక పనిపిల్లవానిని పంపగా, వాడు పావుగంటలో చిన్న బ్యాటరీని తెచ్చెను. "చేపలు తూచు ఎలక్ట్రానిక్ కాటాలలో ఉండునది ఇదియే మాస్టారూ, 6 వోల్టులు. ఇంజను నడుచుటకు ఇది చాలును" అనెను. చేపల కాటా లేని వీథి మా ప్రాంతమున లేదు. మొదటి దినమున నేను నాన్నగారిని గాని, మా ఊరి వారిని గాని అడిగియున్నచో ఈ కథయే లేదు.

మజూరీ యంతయు లెక్కకట్టి తీసికొనెను. రాగి తీగ ముక్కను మాత్రము తిరిగి నా చేతిలో పెట్టెను. "ఫ్యూజు బలహీనముగా ఉండుటయే దాని పని. అది ముందుగా కరగి మిగిలినవానిని కాపాడును" అనెను. తరువాత, "పెద్దాయనగారికి చెప్పితిరా?" అని అడిగెను. "లేదు" అంటిని. అతడు మరేమియు అనలేదు.

ఆ రాత్రి నాన్నగారి మంచము ప్రక్కన కూర్చుండి జరిగినదంతయు చెప్పితిని. గోనెపట్టా క్రింద దాచిన బ్యాటరీ సంగతి కూడ విడువలేదు. వారు చాలసేపు పలుకలేదు.

"కాలిన వార్నీషు వాసన ఆ దినముననే నాకు తెలిసినది" అనిరి చివరకు. "అరిగిపోయిన డైనమో అట్లు వాసన రాదు. కన్నులు పోయినవి గాని ముక్కు పోలేదు గదా. నీవే చెప్పుదువని ఎదురుచూచితిని. బండి పోయినందులకు నాకంత బాధ లేదు. చూపు లేనివానికి ఏది చెప్పినను సరిపోవునని నీవనుకొంటివని బాధపడితిని."

నేను వారి పాదములు తాకితిని. వారు నా తల మీద చేయి వేసి, "రేపు ఆదివారము గదా. నన్ను గూడ బండి యొద్దకు తీసికొనిపొమ్ము" అనిరి.

మరునాడు భాగములన్నియు బిగించితిమి. సరియైన ఫ్యూజు వేసితిని. నాన్నగారు స్టూలు మీద కూర్చుండి, ఒక్కొక్క మరను వ్రేళ్లతో తడవి చూచిరి. తాళము త్రిప్పితిని. ఎఱ్ఱదీపము వెలిగెను. మీటను తన్నగా ఇంజను అందుకొనెను. నాన్నగారి ముఖము వికసించెను. కొంచెము వేగము పెంచుమనిరి. పెంచితిని.

"ఎఱ్ఱదీపము ఆరినదా?" అని అడిగిరి.

నేను చూచితిని. ఆరలేదు. డైనమో విద్యుత్తును పుట్టించుటలేదు. అయిదు నెలల పిమ్మట వారి ముఖమున కనబడిన ఆ సంతోషమును చెరుపుటకు నాకు మనస్సు రాలేదు. ఆరినదని చెప్పినను వారికి తెలియదు. ఒక్క క్షణము నా నాలుక తడబడెను.

"ఆరలేదు నాన్నగారూ" అంటిని.

వారు కలత పడలేదు. "ఇంజను ఆపుము. చెడినది ఏమియు లేకపోవచ్చును. డైనమో ఇనుములో కొంచెము అయస్కాంత శక్తి ఎప్పుడును మిగిలియుండవలెను. ఆ కొంచెమునే పెంచుకొని అది తన విద్యుత్తును తానే పుట్టించుకొనును. విప్పి, కొట్టి, వేడిచేసి బిగించినచో ఒక్కొక్కప్పుడు ఆ శక్తి నశించును. పాత రోజులలో నాకును ఇట్లు జరిగినది. రెగ్యులేటరు మూత తీసి, కటౌటు నాలుకను వ్రేలితో ఒక్క క్షణము నొక్కి విడువుము. ఒక్క క్షణమే సుమా!" అనిరి.

విద్యుత్తును తన బలముతోనే పెంచుకొను ఈ డైనమో సూత్రమును 1867లో సీమెన్సు, వీట్‌స్టన్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా లోకమునకు వెల్లడించిరని తరువాత చదివి తెలిసికొంటిని. మా నాన్నగారు దానిని గట్ల మీద, చీకటిలో, తమ వ్రేలితో నేర్చుకొనిరి.

నేను నాలుకను నొక్కి విడిచితిని. చిన్న నిప్పురవ్వ మెఱసెను. బ్యాటరీ విద్యుత్తు కనురెప్పపాటు కాలము డైనమోలోనికి పోయెను. తలుపు బిగిసి, విడువక ప్రవహించినప్పుడు తీగను కాల్చినది ఆ విద్యుత్తే. క్షణకాలము తాకి విడిచినప్పుడు ఇనుమును మేలుకొల్పినదియు అదియే.

మరల తన్నితిని. ఇంజను నడిచెను. వేగము పెంచగానే ఎఱ్ఱదీపము రెప్పలాడి, ఆరిపోయెను.

"ఆరినది నాన్నగారూ!"

"నిజమేనా?"

"నిజమే."

వారు మరల అడుగలేదు. ముందు దీపము వేయుమనిరి. దాని యెదుట అరచేయి పెట్టి, వేగము హెచ్చించినప్పుడు వెచ్చదనము హెచ్చుటయు, తగ్గించినప్పుడు తగ్గుటయు చాలసేపు పరీక్షించుచు కూర్చుండిరి. సంక్రాంతి వెళ్లిన తరువాత పాత యినుము వర్తకుడు వచ్చెను. అమ్మ అతనికి అరిసెలు పెట్టి పంపివేసెను.

ఆ రాగి తీగ ముక్క ఇప్పటికిని బడిలో నా బల్ల సొరుగులో నున్నది. ఎవరైన పిల్లవాడు తప్పు చేసి, నా యెదుట నిలిచి, చెప్పలేక నేల చూచుచున్నప్పుడు, నేను తొందరపడి కోపింపను. సొరుగు తెరచి ఆ తీగను ఒకసారి చూచుకొని, వాడు చెప్పువరకు వేచియుందును.